నాలుగు బ్యాండ్ల రాత్రి: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల విజయనగరంలో ఓ కల్యాణ మండపంలో ఒకే రాత్రి నాలుగు ఇండీ (పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా నడిచే) రాక్ బ్యాండ్లు వాయించాయి. ఒకటి మన ఊరి కుర్రాళ్ళది, ఒకటి వైజాగ్‌ది, మిగతా రెండూ భువనేశ్వర్ నుంచీ హైదరాబాద్ నుంచీ వచ్చినవి. సినిమా పాటలు లేవు, ట్రాక్ పెట్టి పాడడం లేదు, అన్నీ వాళ్ళు రాసుకున్న పాటలే. ఆ రాత్రి నేను వెళ్ళిన సంగతి ఇక్కడ నాలుగు లైన్లు రాశానో లేదో, అక్కడికి వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అంతా ప్రశ్నలు పంపారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: నేనూ ఆ రాత్రి వచ్చాను. మొదట పాడిన మన ఊరి బ్యాండ్‌లో ఒక్క మాట కూడా అర్థం కాలేదు, అంతా కలిసిపోయి హోరు. చివర హైదరాబాద్ వాళ్ళు పాడితే ప్రతి మాటా తేటగా వినిపించింది. మనవాళ్ళకి పాడడం రాదనా? అసలు వీళ్ళకీ మన ఆర్కెస్ట్రాలకీ తేడా ఏమిటి?
– ఓ డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

మనవాళ్ళకి రాక కాదమ్మా. ఈ ప్రశ్న ఇంకా చాలామంది అడిగారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఇలా మూడు నాలుగు బ్యాండ్లు ఉన్న రోజున సౌండ్ చెక్, అంటే షోకి ముందు శబ్దం సరిచూసుకోవడం, తలకిందులుగా జరుగుతుంది. రాత్రి ఆఖరున వాయించే బ్యాండు మధ్యాహ్నం అందరికంటే ముందు స్టేజీ ఎక్కి చూసుకుంటుంది, దాని తర్వాత మూడోది, ఆ తర్వాత రెండోది, మొదట వాయించాల్సిన వాళ్ళది అన్నిటికంటే చివర. అలా చేస్తే వాళ్ళ డ్రమ్సూ మైకులూ కదపకుండా అక్కడే వదిలేసి షో మొదలుపెట్టొచ్చు. పద్ధతి మంచిదే, కానీ ఎక్కడ ఆలస్యమైనా కోత పడేది మాత్రం ఆ మొదటి బ్యాండు టైములోనే. ఆ రోజు సౌండ్ బాక్సులు రావడమే ఆలస్యమైంది, మనవాళ్ళకి దొరికింది ఒక పాట పాడి చూసుకునేంత టైము. గొంతు ఎంత పెంచాలి, గిటార్ ఎంత తగ్గించాలి అని మిక్సర్ (అన్ని శబ్దాలనూ కలిపి సర్దే యంత్రం) దగ్గర కూర్చున్నాయన తేల్చుకునేలోపే జనానికి తలుపులు తీశారు.

రెండో కారణం ఆ హాలు. కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, అద్దాల కిటికీలు, పైన ఎత్తైన సీలింగు. అలాంటి చోట శబ్దం గోడ నుంచి గోడకి కొట్టుకుని తిరుగుతూ ఉంటుంది, ముందు మాట తాలూకు మోత ఆరక ముందే తర్వాతి మాట దాని మీద వచ్చి పడుతుంది. రాగం తెలుస్తుంది, మాట తెలియదు. ఈ మోతని మింగేది మెత్తటివి: తెరలు, దిండు కుర్చీలు, అన్నిటికంటే ఎక్కువగా మనుషులు. మన ఒళ్ళూ మన బట్టలూ శబ్దాన్ని బాగా పీల్చుకుంటాయి. ఆరున్నరకి మొదటి బ్యాండు ఎక్కినప్పుడు హాల్లో సగం పైగా ఖాళీ, ఉన్నవాళ్ళు కూడా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు, చాలామంది ఇంకా బయట మిర్చి బజ్జీల బండి దగ్గరే ఉన్నారు. తొమ్మిదిన్నరకి హైదరాబాద్ వాళ్ళు ఎక్కేసరికి కాలు పెట్టే చోటు లేదు. అవే బాక్సులు, అదే మిక్సర్, అవే గోడలు. మధ్యలో మనుషులు నిండారు, మాట తేటపడింది. అంటే చివరి బ్యాండుకి మంచి సౌండు ఇచ్చినవాళ్ళలో మీరూ ఉన్నారు, మొదటి బ్యాండుకి అది దక్కనివ్వని వాళ్ళు ఇంకా బయట ఉన్నారు. నేను ఇన్నాళ్ళుగా ఎవరు కనబడితే వాళ్ళకి చెప్తున్నది ఇదే, టిక్కెట్టు మీద ఏ టైము వేశారో ఆ టైముకి లోపల ఉండండి అని.

ఇంకో మాట. చిన్న హాల్లో గిటార్ ఆంప్లిఫయర్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె, ఆంప్ అంటారు) స్టేజీ మీద నుంచే నేరుగా మన మీదకి మోగుతుంది, మిక్సర్‌లో తగ్గించినా అది తగ్గదు. మన గొంతు ఏ స్థాయిల్లో పలుకుతుందో గిటార్ కూడా ఇంచుమించు అక్కడే పలుకుతుంది కాబట్టి రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అనుభవం ఉన్న గిటారిస్టు ఆంప్‌ని పక్కకి తిప్పుకుంటాడు, గాయని పాడేచోట చెయ్యి తేలిక చేస్తాడు. మనవాళ్ళకి అది ఇంకో నాలుగు షోలు ఆడితే వస్తుంది. మీరు మాత్రం ఈసారి స్టేజీ ముందు కాకుండా మిక్సర్ బల్లకి కాస్త ముందుగా, హాలు నడిమధ్యలో నిలబడండి. సౌండ్ చూసే మనిషి తన చెవికి బాగున్నట్టే సర్దుతాడు కాబట్టి అక్కడ వినిపించేదే అసలు రూపం.

ఆర్కెస్ట్రాతో తేడా అన్నారు. ఆర్కెస్ట్రా మనకి ముందే తెలిసిన పాటని తెలిసినట్టు వాయించి సంతోషపెడుతుంది, అదీ కష్టమైన పనే, నాకు దాని మీద గౌరవం ఉంది. వీళ్ళు మీకు తెలియని పాట తెస్తారు. పెద్ద కంపెనీ డబ్బు లేకుండా, సినిమా లేకుండా, సొంత ఖర్చుతో. ఇంగ్లండులో ఈ పద్ధతికి ఊపు తెచ్చిన వాళ్ళలో మాంచెస్టర్ బ్యాండు బజ్‌కాక్స్ ఒకటి. వాళ్ళు తెలిసినవాళ్ళ దగ్గరా ఇంట్లోవాళ్ళ దగ్గరా 500 పౌండ్లు అప్పు చేసి, 1977లో వెయ్యి రికార్డులు తామే వేయించి అమ్ముకున్నారు. అది చూసి ఊరూరా కుర్రాళ్ళు మేమూ చేసుకోగలం అనుకున్నారు. మన దేశంలో ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్ 1990లో మొదలైంది, పుణేలో ఎన్.హెచ్.7 వీకెండర్ అనే సంగీతోత్సవం 2010లో మొదలయ్యాక ఇలాంటి బ్యాండ్లకి పెద్ద వేదిక దొరికింది. తెలుగులో హైదరాబాద్ బ్యాండు చౌరస్తాని మీరు వినే ఉంటారు. సినిమాకి బయట తెలుగు పాటకి జనం ఉన్నారని వాళ్ళు చూపించారు.

ప్రశ్న: మా అన్నయ్య కొడుకు ఆ రోజు డ్రమ్స్ వాయించాడు. కుటుంబం అంతా రెండు కార్లలో వెళ్ళాం. వాడిది అయిపోగానే లేచి వచ్చేశాం, పిల్లలకి ఆకలి, మాకు మిగతావాళ్ళు తెలియదు. వాడు ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు. మేం చేసిన తప్పేమిటి?
– ఓ పాఠకుడు, బొబ్బిలి

మీరు అంతమంది లేచి వెళ్ళడం నేనూ చూశానండీ, స్టేజీ మీద సామాను సర్దుతున్న ఆ కుర్రాడూ చూశాడు. రెండో బ్యాండు అప్పుడే ఎక్కుతోంది, వాళ్ళ ముందున్న మూడు వరుసలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. వైజాగ్ నుంచి వచ్చిన ఆ పిల్లలు మీ అబ్బాయి వాయించినంతసేపూ పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. తన డ్రమ్ మరలు వదులైతే వాళ్ళ డ్రమ్మరే వచ్చి బిగించాడు. అలాంటిది వాళ్ళు ఎక్కేసరికి తనవాళ్ళు లేచిపోతే ఆ వయసు పిల్లాడికి ఎంత తలవంపుగా ఉంటుందో ఆలోచించండి. అలిగింది మీ మీద ప్రేమ లేక కాదు, వాళ్ళకి ముఖం చూపించలేక.

పిల్లలకి ఆకలేస్తే ఇద్దరు తీసుకెళ్ళి తినిపించుకు రావచ్చు. ఒక్కో బ్యాండు వాయించేది అరగంటో నలభై నిమిషాలో, మధ్యలో సామాను మార్చడానికి పావుగంట ఖాళీ ఉండనే ఉంటుంది. వచ్చే సారి ఆఖరి దాకా ఉండండి, తెలియని బ్యాండులో ఒక్క పాటైనా నచ్చకపోదు. నచ్చితే ఆ పాట పేరు మీ అబ్బాయిని అడగండి, వాడు రెండు గంటలు చెప్తాడు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళకి పైగా వయొలిన్ నేర్పి రిటైరయ్యాను. మనవరాలి బలవంతం మీద వచ్చాను. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిచిన ఊళ్ళో ఆ గరగర, ఆ బాదుడు సంగీతం అని మీరు రాయడం నాకు బాధ కలిగించింది. కోపంతో కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నాను, అందులో మీకు ఏం వినబడింది?
– ఓ సంగీత ఉపాధ్యాయులు, విజయనగరం

మాస్టారూ, మీరు పూర్తిగా రెండు బ్యాండ్లు కూర్చుని విని అడుగుతున్నారు కాబట్టి నాకు వినబడింది ఉన్నదున్నట్టు చెప్తాను.

గరగర ముందు. ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని ఆంప్లిఫయర్ మోయగలిగినంత కంటే ఎక్కువగా తోస్తే ఆ తరంగం తలలు తెగుతాయి. అలా తెగినప్పుడు అసలు స్వరంతో పాటు దాని పై స్వరాలు బోలెడు పుట్టుకొస్తాయి, ఆ గరగర వాటిదే. మొదట్లో అది లోపం, 1950ల నాటికి అమెరికాలో గిటారిస్టులు దాన్ని కావాలని తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మనం తంబురా గుర్రం మీద, తీగల కింద దారప్పోగు పెట్టి ఆ జీరని కావాలని తెప్పించుకోవడం లేదా మాస్టారూ? దారం తీసేస్తే తంబురా శుభ్రంగానే మోగుతుంది, కానీ ప్రాణం ఉండదు. తంబురాలో అది మృదువుగా ఉంది, గిటార్‌లో కోపంగా ఉంది, ఆ తేడా నేనూ ఒప్పుకుంటాను.

బాదుడు విషయానికొస్తే, ఈసారి పాట వదిలేసి కేవలం డ్రమ్మర్ కాళ్ళూ చేతులే చూడమని నా మనవి. కుడికాలు పెద్ద డ్రమ్ మీద ఒక నడక నడుస్తుంటే ఎడమకాలు కంచు తాళాల (సింబల్స్) జతని తెరుస్తూ మూస్తూ ఇంకో నడక నడుస్తుంది, రెండు చేతులూ ఇంకో రెండు లెక్కలు నడుపుతాయి. కాళ్ళతో చేతులతో వేర్వేరు తాళాలు ఒకేసారి వేసి చూపించిన లయబ్రహ్మ మన నారాయణదాసుగారు. ఆయన చేసిందీ ఈ కుర్రాళ్ళు చేసేదీ ఒకటే అని నేను అనను, అది మహా విద్య. కానీ ఆ ఊళ్ళో పుట్టిన పిల్లలు నాలుగు అవయవాలతో లయ నేర్చుకోవడానికి రోజూ చెమటోడుస్తున్నారంటే నాకు మాత్రం అది పరాయి విషయంగా అనిపించదు.

మీ వాద్యం సంగతే చూడండి. వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది, రెండు వందల ఏళ్ళ కిందట బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరప్ విద్వాంసుడి దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. అప్పుడు దాన్ని వింతగా చూసినవాళ్ళు ఉండే ఉంటారు. 1919లో మన సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వారు వయొలిన్ ఆచార్యులుగా వచ్చారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ 1952లో మన దేశం వచ్చినప్పుడు ద్వారం వారి వాదన విని ముగ్ధుడయ్యాడు. రెండు వైపులా తలుపులు తెరిచి ఉన్న విద్య అది. ఇప్పుడు కేరళ బ్యాండు తైక్కూడం బ్రిడ్జ్‌లో గోవింద్ వసంత వయొలిన్ వింటే, రాక్ డ్రమ్స్ మధ్య అది ఎంత నిబ్బరంగా నిలబడుతుందో మీకే తెలుస్తుంది. బెంగళూరు బ్యాండు అగం వాళ్ళు త్యాగరాజ కీర్తనల్ని ఎలక్ట్రిక్ గిటార్‌తో పాడతారు. అవి మీకు నచ్చకపోవచ్చు. ఎక్కడ శ్రుతి తప్పిందో, ఎక్కడ గమకం చెడిందో మీరు చెప్పగలరు, నేను చెప్పలేను.

అందుకే ఒక కోరిక. ఆ రాత్రి మన ఊరి బ్యాండు గాయని పై షడ్జం దగ్గర రెండుసార్లు శ్రుతి జారింది, మీరు గమనించే ఉంటారు. ఆ అమ్మాయికి గొంతు ఉంది, గురువు లేరు. మీ మనవరాలికి ఆ పిల్ల తెలుసు. ఒక ఆదివారం మీ ఇంటికి రమ్మని కబురు పెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. ఇలాంటి ప్రోగ్రాంకి స్నేహితురాళ్ళతో శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్తానంటోంది. రాత్రి పూట, పైగా రాక్ షో అంటే తాగుడూ గొడవలూ ఉంటాయని వాళ్ళ నాన్న వద్దంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది, కానీ ఊరికే వద్దనడం ఇష్టం లేదు.
– ఓ తల్లి, శ్రీకాకుళం

అమ్మా, ఊరికే వద్దనకూడదని మీరు అనుకోవడమే సగం సమస్య తీర్చింది. ఆ రాత్రి సంగతి నేను చూసింది చెప్తాను. అక్కడ మందు అమ్మలేదు, తాగి వచ్చిన ఇద్దరిని గేటు దగ్గరే ఆపేశారు, ఆడపిల్లలు బాగానే వచ్చారు, కొందరు తల్లిదండ్రులతో వచ్చారు. అన్ని షోలూ ఇలాగే ఉంటాయని నేను హామీ ఇవ్వలేను, పబ్బుల్లో జరిగేవి వేరు. కాబట్టి ముందు అది ఎక్కడ జరుగుతోంది, ఎవరు చేస్తున్నారు, ఎన్నింటికి అయిపోతుంది, ఈ మూడూ అమ్మాయిని కనుక్కోమనండి. నిర్వాహకుల ఫోన్ నంబరు మీరే తీసుకుని ఒకసారి మాట్లాడితే పోయేదేమీ లేదు, సరైన వాళ్ళయితే ఓపిగ్గా చెప్తారు.

అసలు చిక్కు షోతో కాదు, తిరుగు ప్రయాణంతో. శ్రీకాకుళం విజయనగరం మధ్య డెబ్భై కిలోమీటర్ల దాకా ఉంటుంది, రాత్రి పదకొండుకి బస్సు కోసం రోడ్డు మీద నిలబడే పరిస్థితి రానివ్వకండి. రైలు అనుకున్నా దిగేది ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, అక్కణ్ణించి ఊళ్ళోకి మళ్ళీ ఆటో. నలుగురు అమ్మాయిలు కలిసి తెలిసిన డ్రైవరుతో కారు మాట్లాడుకుంటే తలా కొంచెం పడుతుంది. లేదా విజయనగరంలో మీ చుట్టాలు ఎవరైనా ఉంటే రాత్రికి పిన్ని ఇంట్లోనో మేనత్త ఇంట్లోనో పడుకుని పొద్దున్నే రావడం అన్నిటికంటే హాయి. ఇంకో దారి కూడా ఉంది, మొదటిసారికి మీ ఆయన్నీ మిమ్మల్నీ కూడా రమ్మంటున్నాను. అమ్మాయిని స్నేహితురాళ్ళతో ముందు వరుసలో వదిలేసి మీరిద్దరూ వెనక కుర్చీల్లో కూర్చోండి. వాళ్ళ నాన్నగారి భయం మనం ఎన్ని చెప్పినా పోదు, చూస్తే పోతుంది.

బూట్లు వేసుకుని వెళ్ళమనండి, జనంలో కాళ్ళు తొక్కుతారు. నీళ్ళు ఎక్కువ తాగమనండి. ఇంకా చెవుల విషయం ఉంది, అది తర్వాతి జవాబులో చదవండి.

ప్రశ్న: షో అయ్యాక రెండు రోజులు చెవుల్లో కీచుమనే శబ్దం. ఇప్పుడు తగ్గింది. ప్రమాదమా?
– ఓ పాఠకుడు, నెల్లిమర్ల

అది చెవి చేసిన ఫిర్యాదు, తేలిగ్గా తీసుకోవద్దు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు ఉంటాయి, అవి ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగానికి పడిపోతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర కేవలం 15 నిమిషాలు. హాల్లో రాక్ షో తేలిగ్గా ఆ 100 దాటుతుంది, మీరు నాలుగు గంటలు ఉన్నారు. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్ ప్లగ్స్ తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిని వేళ్ళతో నలిపి సన్నగా చేసి, చెవి పైకి లాగి లోపలికి పెట్టి అవి ఉబ్బేదాకా పట్టుకోండి. పాట పోదు, పదును తగ్గుతుంది అంతే. బాక్సుల ఎదురుగా నిలబడొద్దు, బ్యాండు మారేటప్పుడు బయటికి వెళ్ళి చెవులకి విశ్రాంతి ఇవ్వండి. దూది పెట్టుకుంటే సరిపోతుందని కొందరంటారు, దూది పెద్దగా ఆపదు. మళ్ళీ అలా మోగి రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే, లేదా ఒక్క చెవి మందగించినట్టు అనిపిస్తే వెంటనే ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: మేం నలుగురం గరివిడిలో ఓ గోడౌన్‌లో ప్రాక్టీస్ చేస్తాం. రిసెప్షన్లలో సినిమా పాటలు వాయిస్తే డబ్బులొస్తాయి. సొంత పాటలు ఆరో ఏడో ఉన్నాయి, అవి మొదలెట్టగానే జనం ఫోన్లు తీస్తారు. ఒకాయన స్టేజీ దగ్గరకొచ్చి "ఏటి బాబూ ఈ పాట, తెలిసింది వాయించండి" అన్నారు. సొంత పాటలతో మాకు స్టేజీ ఎలా దొరుకుతుంది?
– ఓ గిటారిస్టు, గరివిడి

తమ్ముడూ, ముందు ఒకటి. రిసెప్షన్‌లో మీ పాట వినలేదని బాధపడకు. అక్కడికి జనం పెళ్ళికూతుర్ని చూడడానికి వచ్చారు, భోజనానికి వచ్చారు. ఆ డబ్బుతో తీగలు కొనుక్కోండి, గోడౌన్ అద్దె కట్టుకోండి, దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ పాటలు వినడానికే వచ్చే జనం వేరే ఉన్నారు, మీరు వాళ్ళని ఒక్కొక్కళ్ళనే పోగు చేసుకోవాలి. వేలమంది అక్కర్లేదు. మీరు ఎక్కడ వాయిస్తే అక్కడికి టైముకి వచ్చే యాభై మంది ఉంటే ఒక బ్యాండు బతుకుతుంది. ఆ యాభై మందిలో చాలామంది వేరే బ్యాండ్ల వాళ్ళే అయి ఉంటారు కూడా, అందుకే వైజాగ్‌లో మీలాంటి వాళ్ళ షో ఉంటే మీరు వెళ్ళండి, ముందు వరుసలో నిలబడండి, అయ్యాక వెళ్ళి పలకరించండి. స్టేజీలు దొరికేది అలాగే. పోయిన నెల మన ఊరి కుర్రాళ్ళకి ఆ చోటు దక్కింది కూడా అంతకుముందు వైజాగ్ బ్యాండు షోలకి వాళ్ళు వెళ్తూ ఉండడం వల్లే.

మొదటి చోటు ఇస్తే చిన్నబుచ్చుకోవద్దు, మంచిదే. అరగంట ఇస్తారు. అందులో ఆరు పాటలు పడతాయి, మీరు అయిదే పెట్టుకోండి. బాగా వచ్చే పాటతో మొదలుపెట్టండి, అంతకంటే బాగా వచ్చేదాన్ని ఆఖరుకి ఉంచండి. మాటలు తగ్గించండి. పాటకీ పాటకీ మధ్య శ్రుతి చూసుకునేటప్పుడు ఆ శబ్దం బయటికి రాకుండా పెడల్ ట్యూనర్ (కాలితో నొక్కే శ్రుతి యంత్రం) వాడండి. ఇరవై ఎనిమిది నిమిషాలకి దిగిపోయిన బ్యాండుని నిర్వాహకులు మళ్ళీ పిలుస్తారు, నలభై నిమిషాలు లాగినవాళ్ళని పిలవరు. దిగగానే స్టేజీ మీదే సామాను విప్పుతూ కూర్చోకుండా అంతా పక్కకి లాగేయండి.

డ్రమ్స్ సెట్ అందరికీ ఒకటే పెడతారు, కానీ స్నేర్ (డ్రమ్మర్ ముందుండే చిన్న డ్రమ్), తాళాలు, కాలి పెడల్ ఎవరివి వాళ్ళు తెచ్చుకోవడం మర్యాద. మన దగ్గర మైక్‌సెట్ వాళ్ళు చాలామంది ఆర్కెస్ట్రాలకి అలవాటు పడ్డారు, అక్కడ డ్రమ్స్ అంటే ఎలక్ట్రానిక్ ప్యాడ్స్, ఒక్క వైరు గుచ్చితే సరి. నిజం డ్రమ్స్‌కి పెద్ద డ్రమ్ దగ్గర ఒకటి, స్నేర్ దగ్గర ఒకటి, పైన తాళాలకి ఒకటో రెండో మైకులు కావాలి. ఇది వాళ్ళకి ఆ రోజు పొద్దున చెప్తే కుదరదు. ఒక కాగితం మీద ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎవరికి ఏ మైకు, బేస్ గిటార్ నేరుగా మిక్సర్‌కి వెళ్తుందా ఆంప్ నుంచా అని బొమ్మ గీసి వారం ముందే పంపండి. ఆయన్ని "అన్నా" అని పిలిచి, టీ తాగించి, మీ పాట ఫోన్‌లో ఒకసారి వినిపించండి. పాట తెలిసిన సౌండ్ ఆపరేటర్ మీ అయిదో సభ్యుడు, ఈ మాట అతిశయోక్తి కాదు.

పాట గురించి. మీరు పంపిన రికార్డింగులు రెండూ విన్నాను. మొదటిది ఇంగ్లీషు పాటకి తెలుగు మాటలు తొడిగినట్టుంది, అది వదిలేయండి. రెండోది, గోడౌన్ వర్షంలో కారడం మీద రాసింది, మీ ఇంట్లో మాట్లాడే మాటల్లో ఉంది, అదే మీది. వాడుక భాషలో రాసిన గురజాడ వారి నాటకం 1892లో మొదట ఆడింది విజయనగరంలోనే, మన యాస స్టేజీకి పనికిరాదని మీకు ఎవరైనా చెప్తే ఆ సంగతి గుర్తు చేయండి. లయ కోసం కూడా దూరం వెళ్ళక్కర్లేదు. తప్పెటగుళ్ళ వాళ్ళు గుండెల మీద తప్పెట కొడుతూ ఎగిరే ఆ ఊపు మీ డ్రమ్మర్‌ని ఒక రాత్రంతా కూర్చుని వినమనండి, జముకుల కథ చెప్పేవాళ్ళు తమ వాద్యం జముకు తీగని బిగించి వదులుతుంటే సాగే ఆ మోత మీ బేస్ గిటార్ పిల్లాడిని వినమనండి. కాపీ కొట్టమని కాదు. ఇండియన్ ఓషన్ అశీమ్ చక్రవర్తి డ్రమ్స్‌తో పాటు తబలా పెట్టుకుని పాడాడు, ఆయనకి తెలిసిన వాద్యం అది. మీకు తెలిసినవి మీకున్నాయి.

రాసుకున్న పాట మీద హక్కు మీకు రాసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్టర్ చేయకపోయినా. అయినా తేదీతో సహా రికార్డు చేసి మెయిల్‌లో పెట్టుకోండి, ఎవరు మాట రాశారు ఎవరు బాణీ కట్టారు అని నలుగురూ సంతకం పెట్టుకోండి. స్నేహం బాగున్నప్పుడే ఈ పని చేసుకోవాలి.

ప్రశ్న: వీడియో తీసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, పాలకొండ

ఒక పాట తీసుకోండి, బ్యాండుకి పంపండి, వాళ్ళు సంతోషిస్తారు. తర్వాత ఫోన్ లోపల పెట్టండి, మీ వెనకున్న పొట్టి మనిషికి మీ చేతులు తప్ప ఏమీ కనబడదు.

ప్రశ్న: మేం కొందరం కలిసి శ్రీకాకుళంలో ఇలాంటి రాత్రి ఒకటి పెడదామనుకుంటున్నాం, మూడు బ్యాండ్లు. నాగావళి ఒడ్డున ఆరుబయట పెడితే బాగుంటుందని ఒకరు, హాల్లో అని ఒకరు. అనుమతులేమిటి?
– ఓ ఉద్యోగి, శ్రీకాకుళం

మొదటిసారికి హాలే పెట్టండి. ఆరుబయట అందంగానే ఉంటుంది, కానీ 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా రాత్రి 12 దాకా ప్రభుత్వం సడలించొచ్చు గానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు. మూసి ఉన్న ఆడిటోరియంలకీ కమ్యూనిటీ హాళ్ళకీ ఆ నిషేధం వర్తించదు, అయినా బయటికి వచ్చే మోతకి హద్దు ఉంది. మైకుకి పోలీసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండొచ్చు, చోటు చూసేటప్పుడే అది కనుక్కోండి. బ్యాండ్లు మధ్యలో సినిమా పాటలు కూడా పాడతాయంటే రచయితలు, సంగీత దర్శకుల సంఘం ఐపీఆర్‌ఎస్ లైసెన్సు నిర్వాహకులే తీసుకోవాలి, బ్యాండు మీదకి నెట్టొద్దు. చుట్టుపక్కల ఇళ్ళకి ముందురోజు మీరే వెళ్ళి చెప్పండి, ఎన్నింటికి ఆపుతారో చెప్పి ఆ టైముకే ఆపండి.

హాలు ఎంచుకునేటప్పుడు దిండు కుర్చీలు, తెరలు ఉన్నది దొరికితే అదే తీసుకోండి. దొరకక కల్యాణ మండపమే అయితే టెంట్ హౌస్ నుంచి మందపాటి తెరలు తెప్పించి వెనక గోడకీ పక్క గోడలకీ వేలాడదీయండి, ఖర్చు పెద్దగా కాదు, మోత బాగా తగ్గుతుంది. మూడు బ్యాండ్లకీ ఒకే డ్రమ్ సెట్, ఒకే ఆంప్‌లు పెడితే మార్చే టైము కలిసొస్తుంది. సౌండ్ చెక్ మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి, మొదట వాయించేవాళ్ళకి కచ్చితంగా అరగంట మిగిల్చండి, ఎవరు ఆలస్యంగా వచ్చినా ఆ అరగంట జోలికి పోవద్దు. బయట తినుబండారాల బండ్లు పెడితే మొదటి బ్యాండు అయ్యాకే తెరవమనండి. డబ్బుల విషయం ముగ్గురితోనూ ముందే మాట్లాడుకుని, మొదటి బ్యాండుకి కూడా దారి ఖర్చూ భోజనమూ తప్పకుండా ఇవ్వండి. తేదీ ఖాయమైతే నాకు రాయండి, ఈ శీర్షికలో టైముతో సహా వేస్తాను.